ఊరూ పేరూ లేని సరుకు



ఈ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు దేన్ని గూర్చి రాయాలో తోచలేదు. నాకు కవిత్వం రాదు. రాజకీయాలు మాట్లాడేవాళ్ళకు మన కాలేజీలో కొదవ లేదు. నాకు బాగా తెలిసిన విషయం ఒక్కటే ఉంది. అది అరచేతిలో ఇమిడిపోయే ఒక నల్లని రబ్బరు రింగు. "ఇదీ ఒక విషయమేనా?" అని పేజీ తిప్పెయ్యకండి. ఆ రింగు వల్ల మా చిన్నాయనకు ఒక కాలు పోయింది. ఆ రింగును అంగట్లో ఏరి కొన్నవాణ్ణి నేనే.

మాది శ్రీకాళహస్తి పక్కన తొట్టంబేడు మండలంలో ఒక పల్లె. నాలుగెకరాల మడి, కొంచెం మెట్ట, ఒక బోరు ఉన్నాయి. నేను చిన్నప్పుడే నాయన, చిన్నాయన కలిసి ఒక పాత ట్రాక్టరు కొన్నారు. మా కయ్యలు దున్నుకోవడమే గాక ఊళ్ళో నలుగురికీ బాడుగకు తోలేవారు. మా అక్క పెండ్లి, నా చదువు, రెండూ ఆ బాడుగ డబ్బులతో జరిగినవే. ట్రాక్టరంటే మా ఇంట్లో ఇంకో మనిషి కింద లెక్క.

రెండేళ్ళ కిందట వరికోతల ముందర, "వెనక చక్రం కాడ ఆయిలు చెమరుస్తా ఉండాది, సీలు మార్చాల" అని మెకానిక్ అన్న చెప్పాడు. పాత సీలు విప్పి నా చేతికిచ్చి, ఇదే సైజుది తెమ్మన్నాడు. నాయన 500 రూపాయలు ఇచ్చి, "కంపెనీదే తీసుకరా, ఎక్కువైనా పరవాలేదు" అన్నాడు. నేను సైకిలెక్కి కాళహస్తికి పోయి ఒక స్పేరుపార్టుల అంగట్లో అడిగాను.

అంగడాయన రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ట్రాక్టరు కంపెనీది, 420 రూపాయలు. రెండోది రంగురంగుల డబ్బా, 130 రూపాయలు. దాని మీద పెద్ద అక్షరాలతో 'ఇంపోర్టెడ్ క్వాలిటీ' అని ఉంది. "తమ్ముడూ, ఇది ఫారిన్ మాలు. మద్రాసు నుంచి తెప్పిస్తాము. ఇప్పుడు అందరూ దీన్నే తీసుకపోతాండారు" అన్నాడు. రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాను. రెండూ నల్లగానే ఉన్నాయి. రెండింటి లోపలా సన్నటి స్ప్రింగు ఉంది. నిజం చెప్పాలంటే చవక సీలే ఎక్కువ నిగనిగలాడుతోంది. 130 ఇచ్చి దాన్నే తెచ్చాను. బిల్లు అడగలేదు. అంత చిన్న వస్తువుకు బిల్లేమిటి అనిపించింది.

నాయన డబ్బా చూసి, "ఇది కంపెనీది కాదే?" అన్నాడు.

"ఇది ఫారిన్‌ది నాయనా, ఇంకా మంచిది. 290 రూపాయలు ఆదా అయింది" అన్నాను గొప్పగా.

నాయన ఒక్క నిమిషం ఆ డబ్బా వంక చూసి, "సదువుకున్నోడివి, నీకు తెలుస్తాదిలే" అన్నాడు. మిగిలిన డబ్బు పరీక్ష ఫీజుకు పెట్టుకోమని నాకే ఇచ్చాడు.

నెలన్నర తిరగలేదు. వడ్ల మూటలతో ట్రాక్టరు చెరువుకట్ట మీదినుంచి పల్లానికి దిగుతోంది. నాయన తోలుతున్నాడు, చిన్నాయన పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. బ్రేకు తొక్కితే ఒక పక్క పట్టింది, ఇంకో పక్క జారింది. ట్రాక్టరు ఒక్కసారి పక్కకు తిరిగింది. చిన్నాయన కింద పడ్డాడు. ట్రాలీ చక్రం ఆయన కాలు మీదినుంచి పోయింది. తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోతే మోకాలి కింద కాలు తీసెయ్యక తప్పదన్నారు.

మడ్‌గార్డు మీద మనిషి కూర్చోవడం తప్పు కాదా అని మీరు అడగవచ్చు. తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పు మా ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళుగా జరుగుతూనే ఉంది. ఆ రోజు కొత్తగా జరిగిన తప్పు ఇంకొకటి. మెకానిక్ అన్న చక్రం విప్పి చూపించాడు. మా పాత ట్రాక్టరువి పొడి బ్రేకులు, వాటికి ఆయిలు తగలకూడదు. సీలు ఉబ్బి, అంచు మెత్తబడి, గేరు ఆయిలు లోలోపలే కారి బ్రేకు పట్టీలను తడిపేసింది. బయటికి చుక్క కూడా కనబడలేదు. నాయన ఆ సీలును చేతిలోకి తీసుకుని చూశాడు, పక్కన పెట్టాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

ఆ సీలును గుడ్డలో చుట్టుకుని కాలేజీకి తెచ్చాను. మన రసాయనశాస్త్రం మాస్టారు గారి అనుమతితో లాబొరేటరీలో ఒక చిన్న పరీక్ష చేశాను. అదే రకం చవక సీలు కొత్తది ఒకటి, కంపెనీ సీలు ఒకటి కొని, రెండింటినీ ముక్కలు కోసి, తూకం వేసి, వేరువేరు బీకర్లలో ఒకే గేరు ఆయిలులో ముంచి, ఓవెన్‌లో 100 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచాను. కంపెనీ ముక్క దాదాపు పెట్టినట్టే ఉంది. చవక ముక్క ఊరేసిన కాయలా ఉబ్బింది, గోటితో నొక్కితే దిగింది, తుడిస్తే గుడ్డకు మసి అంటింది. ఒక్క సీలును చూసి లోకంలోని సీళ్ళన్నిటి మీదా తీర్పు చెప్పకూడదని నాకూ తెలుసు. కానీ మా చిన్నాయన కాలు గూర్చి తీర్పు చెప్పడానికి ఆ ఒక్కటి చాలు.

ఎందుకిలా జరిగింది? మనం క్లాసులో చదువుకున్నదే. ఒకే జాతి పదార్థాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. చెట్టుపాల నుంచి వచ్చే సహజ రబ్బరు ఒక హైడ్రోకార్బను. మనం బండ్లలో పోసే ఆయిలూ హైడ్రోకార్బన్ల జాతే. రెండూ చుట్టాలు. ఆయిలు తగిలితే రబ్బరు దాన్ని లోపలికి పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే ఆయిలు తగిలే చోట నైట్రైల్ రబ్బరు వాడతారు. దానిలోని నైట్రైల్ భాగానికి ఆయిలంటే పడదు. అదే నైట్రైల్‌ను బ్రేకు ఫ్లూయిడ్ తగిలే చోట పెడితే నిలవదు, అక్కడికి వేరే జాతి రబ్బరు కావాలి. రబ్బరులో ఒక్కొక్క జాతికి ఒక్కొక్క పని ఉంది. అయితే నైట్రైల్ ఖరీదెక్కువ. అక్కడే కక్కుర్తికి దారి దొరుకుతుంది.

ఇంకొక సంగతి. రబ్బరును పాలు పిండినట్టు పిండి అచ్చులో పొయ్యరు. అది వంట లాంటిది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ గంధకంతో కలిపి వేడి చేస్తే రబ్బరు గట్టిపడుతుందని కనిపెట్టాడు. అప్పటినుంచి గంధకం, జింకు ఆక్సైడు, కార్బన్ బ్లాక్, ముసలితనం రాకుండా కాపాడే మందులు, ఇవన్నీ కొలత ప్రకారం కలిపి, తగినంత సేపు ఉడికించాలి. కక్కుర్తి పడేవాడు ఏం చేస్తాడు? మంచి రబ్బరు తగ్గించి పాత టైర్ల నుంచి తీసిన రబ్బరు కలుపుతాడు. సుద్దపొడి, మట్టి కలుపుతాడు. ఉడికే సమయం తగ్గిస్తాడు. ఖరీదైన మందులు మానేస్తాడు. పైన నల్లరంగు ఎలాగూ ఉంటుంది. అంతా అయ్యాక కంటికి అన్నీ ఒకటే.

మిత్రులారా, ఇక్కడే రైతు మోసపోతున్నాడు. మా నాయన ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. చెనక్కాయ విత్తనం కొంటే ఒలిచి కొరికి చూస్తాడు. వడ్లు అరచేతిలో పోసుకుని నలిపి, ఊది చూస్తాడు. తరతరాల చదువు అది. కానీ రబ్బరు దగ్గర ఆ చదువు పనికి రాదు. కొరికితే తెలియదు, వాసన చూస్తే తెలియదు. కంటికి, చేతికి అందని గుణాన్ని కొనేటప్పుడు మనిషికి మిగిలే ఆధారం ఒక్కటే: దాన్ని చేసిందెవరు? తప్పు జరిగితే ఎవరిని నిలదీయాలి? అంటే పేరు, చిరునామా. నేను కొన్న డబ్బాను తర్వాత నాలుగు పక్కలా తిప్పి చూశాను. చేసినవాడి పేరు లేదు. ఊరు లేదు. తెచ్చినవాడి పేరు లేదు. నెల, సంవత్సరం లేవు. 'ఇంపోర్టెడ్' అని ఉంది గాని ఏ దేశం నుంచి ఇంపోర్టో లేదు. నిజంగా విదేశంలో చేశారో, ఏ సందులోనో చేసి విదేశీ అని అచ్చు కొట్టించారో ఆ దేవుడికే తెలియాలి.

మా తాత కాలంలో బావికి కపిల ఉండేదట. ఎద్దులు లాగుతుంటే తోలు తొండంలోనుంచి నీళ్ళు కాలువలోకి పడేవి. ఆ తొండం కుట్టింది మా ఊళ్ళోనే తోలుపని చేసే ఒక పెద్దాయన. కుట్టు ఊడితే సాయంత్రానికి ఆయన ఇంటికి కబురు పోయేది. ఆయన వచ్చి, తిట్లు పడి, తిరిగి కుట్టి పోయేవాడు. ఏటేటా కళ్ళంలో ఆయన వాటా ఆయనకు కొలిచి ఇచ్చేవాళ్ళు. ఆ రోజులన్నీ మంచివని నేను అనను. ఆ పెద్దాయనను మనవాళ్ళు ఊరి బయట ఉంచిన రోజులవి. అవి తిరిగి రావాలని ఎవరూ కోరరు. కానీ ఒక్క మాట మాత్రం నిజం. వస్తువుకు ఒక మనిషి పూచీ ఉండేది. ఇవాళ వస్తువు వేల మైళ్ళ నుంచి వస్తోంది, పూచీ మాత్రం అంగడి గడప దాటి రావడం లేదు.

ఈ వ్యాధి మనకొక్కరికే వచ్చింది కాదు. 19వ శతాబ్దం చివర ఇంగ్లండు బజార్లలో జర్మనీ సరుకు చౌకగా వచ్చి పడేది. ఇంగ్లండులో షెఫీల్డు కత్తులకు పేరు. ఆ పేరు వేసుకుని జర్మనీలోని సోలింగెన్ కత్తులు వచ్చేవి. 1887లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇంగ్లీషు సరుకేమోనని భ్రమపెట్టే విదేశీ సరుకు మీద అది తయారైన దేశం పేరు వేసి తీరాలన్నది. జర్మనీ సరుకును జనం చీదరించుకుంటారని వాళ్ళ ఆశ. జరిగింది వేరు. పేరు వేసుకోక తప్పనప్పుడు జర్మనీవాళ్ళు పేరు నిలబెట్టుకునే సరుకు చెయ్యడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకు 'మేడ్ ఇన్ జర్మనీ' అన్న మాటే మంచి సరుకుకు గుర్తయింది. పరువు ఉన్నవాడికే తప్పు చేయడానికి జంకు ఉంటుంది. పేరు లేనివాడికి పరువేమిటి?

రబ్బరు రింగంటే చిన్న విషయమని ఇంకా ఎవరికైనా అనిపిస్తే ఇంకొక సంగతి చెబుతాను. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అనే అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయింది. ఏడుగురు చనిపోయారు. కారణం రాకెట్టు అతుకుల దగ్గర ఉండే రబ్బరు రింగు. ఆ ఉదయపు చలికి అది బిగుసుకుపోయి, సందు మూయలేకపోయింది. విచారణ సంఘంలో ఉన్న భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అందరి ముందూ ఒక రింగు ముక్కను మంచునీళ్ళలో ముంచి, అది సాగే గుణం పోగొట్టుకోవడం చూపించారు. నాసా రింగు నాసిరకం కాదు. అయినా ప్రమాదం జరిగింది. కానీ ఒక్క తేడా గమనించండి. ఆ రింగు ఎవరు చేశారో, ఏ రోజు ఎంత చలి ఉందో, చలిలో ఎగరవద్దని ముందురోజు ఏ ఇంజనీర్లు చెప్పారో, ఎవరు వినలేదో అన్నీ కాగితాల మీద ఉన్నాయి. కాబట్టి లోకానికి నిజం తెలిసింది, తర్వాతి నౌకలకు ఆ అతుకు మార్చి కట్టారు. మా చిన్నాయన కాలికి విచారణ సంఘం ఎవరు వేస్తారు? వేసినా ఏ పేరు పట్టుకుని ఎక్కడికి పోతారు?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం డబ్బాలో కట్టి అమ్మే సరుకు మీద తయారుచేసినవారి లేదా దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలి. దిగుమతి సరుకైతే దేశం పేరూ ఉండాలి. అంటే నేను కొన్న డబ్బా అంగట్లో ఉండడమే తప్పు. టైర్ల విషయంలో ప్రభుత్వం ఇంకా గట్టిగా ఉంది. 2009లో ఉత్తర్వు ఇచ్చి, స్వదేశీ అయినా విదేశీ అయినా ఐ.ఎస్.ఐ. గుర్తు లేని మోటారు టైరు అమ్మకూడదన్నది. మనం నెత్తిన పెట్టుకునే హెల్మెట్‌కు 2021 జూన్ 1 నుంచి అదే నియమం. మన తిరుపతి రోడ్డు పక్కన గుడారం వేసి అమ్మే హెల్మెట్ల మీద ఆ గుర్తు ఉందో లేదో ఈసారి ఆగి చూడండి. టైరు విషయంలో ఉన్న పట్టుదల, ఆ టైరును ఆపవలసిన బ్రేకును కాపాడే రింగు విషయంలోనూ ఉండాలని నా మనవి. టైరు పెద్దది కాబట్టి కంటికి కనబడింది. రింగు చిన్నది కాబట్టి చాటున పడిపోయింది.

ఇక్కడ ఎదుటి పక్షం మాట కూడా వినాలి. మా ఊళ్ళోనే ఒక అన్న నాతో వాదించాడు. "420 పెట్టి కొనలేకనే గదా 130ది కొనేది? దాన్ని ఆపేస్తే పేదోడి బండి మూలబడతాది, అంతే" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పెద్ద కంపెనీలు విడిభాగాల మీద ఎంత లాభం వేసుకుంటాయో అడిగే నాథుడు లేడు. అడిగినచోట బయటపడింది కూడా. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. అసలైన విడిభాగాలను బజారులో స్వేచ్ఛగా దొరకనివ్వకుండా తమ చేతిలోనే పెట్టుకున్నారన్నది అభియోగం. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి, అది వేరే సంగతి. అసలు వస్తువు అందకుండా చేసినవాడే నకిలీ వస్తువుకు తలుపు తెరిచినవాడని నా అభిప్రాయం.

విదేశీ సరుకంతా చెడ్డదనీ నేను అనను. మన దేశంలో పండే రబ్బరు మన వాడకానికి చాలదు. దిగుమతి తప్పదు. ఆ దిగుమతి చవకై కేరళ రబ్బరు రైతు ధర పడిపోయిందని ఏడుస్తాడు. మన టమాటా రైతు ఏడుపు తెలిసిన నాకు అతని ఏడుపు అర్థమవుతుంది. 2023 బడ్జెట్టులో ప్రభుత్వం కాంపౌండ్ రబ్బరు మీద సుంకం 10 శాతం నుంచి 25 శాతానికి పెంచింది. సుంకం రైతు ధరను కొంత కాపాడవచ్చు. బ్రేకును కాపాడదు. సుంకం కట్టి వచ్చిన చెత్తా చెత్తే, కట్టకుండా ఇక్కడే చేసిన చెత్తా చెత్తే. కాబట్టి గొడవ స్వదేశీ విదేశీల మధ్య కాదు. పేరు ఉన్న సరుకుకూ పేరు లేని సరుకుకూ మధ్య.

మన కాళహస్తివాళ్ళకు ఇది ఒకరు చెప్పాలా? మన కలంకారీ బట్టకు భౌగోళిక గుర్తింపు ఉంది. వెదురు కలంతో, కరక్కాయతో, సహజ రంగులతో రోజుల తరబడి కష్టపడి వేసేవాడి బట్ట ఒకటి. మిషను మీద గంటకు గజాలు గజాలు అచ్చు కొట్టి 'కలంకారీ' అని అమ్మేది ఇంకొకటి. మన పేరును ఇంకొకడు వేసుకుంటే మనకు కడుపు మండుతుంది. ఆ మంటే రబ్బరు రింగు కొనేటప్పుడూ రావాలి. ఇంకా విచిత్రం చూడండి. మన తిరుపతి జిల్లాలోనే, వరదయ్యపాళెం మండలం చినపాండూరు దగ్గర అపోలో వారి టైర్ల ఫ్యాక్టరీ ఉంది. 2020లో అక్కడ మొదటి టైరు బయటికి వచ్చింది. రబ్బరును కొలత ప్రకారం కలిపి, ఉడికించి, పరీక్షించి పంపే విద్య మనకు బస్సు దూరంలోనే ఉంది. కాళహస్తి అంగట్లో మాత్రం ఎక్కడ పుట్టిందో తెలియని రింగు అమ్ముడుపోతోంది.

సరే, ఏం చెయ్యాలి? ఉపన్యాసం చెప్పి కూర్చోవడం నాకూ ఇష్టం లేదు. నాకు తోచినవి నాలుగు మాటలు.

మొదటిది, బిల్లు. రూపాయి వస్తువైనా బిల్లు అడగండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నాసి వస్తువు వల్ల దెబ్బ తగిలితే చేసినవాడి మీదా అమ్మినవాడి మీదా నష్టపరిహారం అడగవచ్చు. కొన్న వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే జిల్లా కమిషనుకు ఫీజు కూడా లేదు. రైతు వినియోగదారుడు కాడన్న వాదాన్ని 2012లోనే మన రాష్ట్ర రైతుల విత్తనాల కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఇవన్నీ నాకు తెలిసేసరికి మా చేతిలో ఏముంది? ఒక రంగు డబ్బా. కేసు వెయ్యడానికి కాగితం లేదు. కాగితం అడగనిది నేనే.

రెండవది, డబ్బా. పేరు, చిరునామా లేని డబ్బా అయితే 'వద్దన్నా' అని వెనక్కి తొయ్యండి. పదిమంది తోస్తే పదకొండోసారి అంగడాయన తెప్పించడు. అంగడివాళ్ళందరూ దొంగలు కారు. అడిగేవాడు లేక అలా జరిగిపోతోంది.

మూడవది, మెకానిక్కులు. చక్రాల కింద పడుకుని ఒళ్ళంతా గ్రీజు పూసుకునే ఆ అన్నలకు ఏ రబ్బరు ఏ ఆయిలుకు తగదో మనకంటే ముందే తెలుస్తుంది. ఏ డబ్బాలో సీలు ఎన్ని నెలలు నిలిచిందో ఒక పుస్తకంలో రాసి పెట్టమని అడగండి. అది ఏ ప్రయోగశాలకూ తీసిపోని లెక్క.

నాలుగవది మన వంతు. మన లాబొరేటరీలో తూకపు యంత్రం ఉంది, ఓవెన్ ఉంది. మనం రికార్డు పుస్తకంలో మార్కుల కోసం చేసే ప్రయోగాలు చాలావరకు నూరేళ్ళ కిందట ఎవరో చేసి తేల్చినవే. ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు పల్లెలకు పోయి రోడ్లు ఊడ్చి వస్తున్నాము. అది మంచిదే. దాంతోపాటు ఏడాదికి ఒక్క వారం రైతుల సీళ్ళు, బుష్షులు, బెల్టులు తెప్పించుకుని ఆయిలులో ముంచి, ఉబ్బిందా లేదా అని చెప్పలేమా? ఈ పని మన సంఘం తీర్మానంగా చేపట్టాలని కోరుతున్నాను. మాస్టార్లు కాదనరని నా నమ్మకం.

ఇప్పుడు చిన్నాయన కర్రసాయంతో నడుస్తున్నాడు. కయ్యలోకి దిగలేడు కాబట్టి గెనిమ మీద కూర్చుని నీళ్ళు కట్టేవాళ్ళకు చెబుతుంటాడు. ట్రాక్టరు ఇంకా ఉంది. కొత్త సీలు వేయించాము, డబ్బా మీద పేరు, చిరునామా అన్నీ ఉన్నాయి. ఆ డబ్బాను, బిల్లును అమ్మ బియ్యం డబ్బా పక్కన గూట్లో పెట్టింది.

మొన్న సెలవులకు ఇంటికి పోయినప్పుడు బోరు మోటారు రిపేరుకొచ్చింది. ఏదో బుష్షు కావాలన్నారు. నాయన డబ్బులు తీసి నా చేతిలో పెట్టి, "చూసి తీసుకరా, సదువుకున్నోడివి" అన్నాడు. అంత జరిగాక కూడా ఆయన ఆ మాట అన్నాడు. పల్లెల నుంచి వచ్చిన మనలో ప్రతి ఒక్కరికీ ఇంటి దగ్గర ఈ మాట అనే నాయన ఒకడు ఉంటాడు. ఆ మాటకు తగ్గట్టు మన చదువు ఉందా లేదా అన్నది ఒక్కసారి ఆలోచించండి.

ఆ రోజు అంగట్లో నేను బుష్షు కన్నా ముందు బిల్లు అడిగాను.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి